ఓకే నుంచి డెడ్‌లైన్ దాకా: ఇంగ్లిష్ మాటల పుట్టుక కథల్లో నిజమెంత?

మిత్రులందరికీ నమస్కారం. ‘న్యూస్’ అనే మాట నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే నాలుగు దిక్కుల తొలి అక్షరాలతో ఏర్పడిందని, నలుదిక్కుల నుంచి వచ్చే కబురు కాబట్టి దానికి ఆ పేరు పెట్టారని మీలో చాలామంది వినే ఉంటారు. ఎంతో చక్కగా అతికినట్టున్న ఈ కథ నిజం కాదు. కొత్త అనే అర్థమున్న ‘న్యూ’ శబ్దానికి బహువచన ప్రత్యయం చేర్చి, కొత్త సంగతులు అనే అర్థంలో ఇంగ్లిష్‌వారు ఆ మాటను మధ్యయుగాల చివర వాడుకలోకి తెచ్చుకున్నారు. ఫ్రెంచిలో వార్తలను సూచించే ‘నువెల్’ కూడా సరిగ్గా ఇలా ఏర్పడిన మాటే. పైగా పాత రాతల్లో ఈ మాట చివరి ఎస్‌కు ముందు మరో ‘ఇ’ అక్షరం తరచుగా కనిపిస్తుంది. దిక్కుల తొలి అక్షరాలతో కట్టిన మాటే అయితే, ఆ అదనపు అక్షరానికి అందులో చోటే ఉండదు.

మాట పుట్టుక గురించి చెప్పే కథను ఏ ఆధారంతో నమ్మాలి, ఏ ఆధారంతో పక్కన పెట్టాలి అన్నదే ఈ వీడియోలో మనం మాట్లాడుకునే విషయం. నిఘంటుకారులు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ మాట మొదటిసారిగా ఏ సంవత్సరంలో, ఎవరి రాతలో, ఏ అర్థంలో కనిపించింది? 1857లో ప్రతిపాదన రూపంలో మొదలైన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు తొలి భాగం 1884లో వెలువడి, మొత్తం పని 1928లో గానీ పూర్తికాకపోవడానికి ముఖ్య కారణం, ఒక్కొక్క అర్థానికీ తేదీతో సహా ఉదాహరణ వాక్యాలను సేకరించాలని సంపాదకులు పట్టుబట్టడమే. ఎందరో చదువరులు పాత పుస్తకాలను గాలించి, దొరికిన వాక్యాలను చీటీల మీద రాసి పంపిన ఫలితమే ఆ గ్రంథం. ఆ శ్రమ ముందు, ఎవరు చెప్పారో తెలియకుండా చేతులు మారే ఒక అందమైన కథకు విలువ ఇవ్వలేం.

తొలి అక్షరాలను కలిపి ఒకే మాటగా పలికే అలవాటు 20వ శతాబ్దంలోనే బాగా వ్యాపించింది. రాడార్, లేజర్ అలా పుట్టినవే. అంతకుముందు నుంచి ఉన్న మాటకు ఎవరైనా ఇలాంటి వ్యుత్పత్తి చెబితే వెంటనే అనుమానించాలి. సంపన్నుల తీరును సూచించే ‘పోష్’ విషయంలో ఈ జాగ్రత్త చాలా అవసరం. ఇంగ్లండ్ నుంచి భారతదేశానికి వచ్చే ఓడల్లో ఎండ తగలని గదులు వెళ్లేటప్పుడు ఎడమ వైపున, తిరిగి వచ్చేటప్పుడు కుడి వైపున ఉండేవని, డబ్బున్నవారి టికెట్ల మీద ‘పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అనే మాటల తొలి అక్షరాలు ముద్రించేవారని చెబుతారు. అలా ముద్రించిన టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు. 19వ శతాబ్దపు లండన్ యాసలో మాత్రం చిన్న నాణేన్ని, డబ్బును ‘పోష్’ అనేవారు. యూరప్‌లోని సంచార జాతి రోమాలు మాట్లాడే రోమానీ భాషలో దానికి సగం అని అర్థం.

అయితే ప్రపంచమంతా పలికే ‘ఓకే’ మాత్రం నిజంగానే రెండు తొలి అక్షరాల నుంచి పుట్టింది. ఇది పరిశోధనతో నిలిచిన సత్యం కాబట్టి కాస్త వివరంగా చూద్దాం. 1830ల చివర్లో బోస్టన్ పత్రికల్లో ఒక విచిత్రమైన వినోదం నడిచింది. మాటలను కావాలని తప్పుడు అక్షరాలతో రాసి, ఆ తప్పుడు రూపానికి పొడి అక్షరాలు కట్టేవారు. ‘ఆల్ రైట్’ను ‘ఓ’తో, ‘డబ్ల్యూ’తో రాసి ‘ఓ.డబ్ల్యూ.’ అన్నారు. అంతా సరిగ్గా ఉందని చెప్పే ‘ఆల్ కరెక్ట్’ను అదే పద్ధతిలో ‘ఓ’తో, ‘కె’తో మొదలుపెట్టి ‘ఓ.కె.’ చేశారు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఇది అచ్చయింది. మిగిలిన పొడి అక్షరాలన్నీ కొద్దికాలంలోనే మాయమైపోగా, దీనిని మాత్రం మరుసటి ఏడాది ఎన్నికలు నిలబెట్టాయి. మళ్లీ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన మార్టిన్ వాన్ బ్యూరన్ స్వస్థలం న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ఆయన అనుచరులు ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనే ముద్దుపేరును ‘ఓకే’గా మార్చి దాన్ని ఎన్నికల నినాదం చేసుకున్నారు. వాన్ బ్యూరన్ ఓడిపోయారు, మాట గెలిచింది. ఈ చరిత్రనంతా పాత పత్రికలు ఒక్కొక్కటిగా చదివి, 1960లలో తేదీలతో నిరూపించిన పండితుడు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆలెన్ వాకర్ రీడ్. అమెరికా ఆదివాసుల చాక్టా భాష నుంచి వచ్చిందని, గ్రీకు నుంచి వచ్చిందని అప్పటిదాకా పోటీపడిన వాదాలు ఈ ఆధారాల ముందు వెనక్కి తగ్గాయి.

ఇప్పుడు ‘డెడ్‌లైన్’. గడువు అనే అర్థంలో రోజూ వాడే ఈ మాట వెనుక ఉన్నది నిజమైన గీత, నిజమైన చావు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, దేశం నుంచి విడిపోయిన రాష్ట్రాల దక్షిణాది సమాఖ్య జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో యుద్ధఖైదీల కోసం ఒక శిబిరం తెరిచింది. ఎత్తైన దుంగల గోడకు సుమారు 19 అడుగుల లోపల, గుంజల మీద సన్నని కర్రలు అడ్డంగా బిగించి ఒక హద్దు ఏర్పాటు చేశారు. ఆ హద్దు దాటిన ఖైదీని గోడపై నుంచి కాపలాదారులు కాల్చివేయవచ్చు. దానినే డెడ్‌లైన్ అన్నారు. అక్కడ నిర్బంధించిన సుమారు 45,000 మందిలో దాదాపు 13,000 మంది మరణించారు. అత్యధికులను బలిగొన్నవి రోగాలు, ఆకలి. శిబిరాధికారి హెన్రీ వర్జ్‌పై 1865లో జరిగిన విచారణ ద్వారా ఈ మాట దేశమంతటికీ పరిచయమైంది. అయితే ఆ గీతే నేరుగా గడువుగా మారిందని చెప్పడం తొందరపాటు. అచ్చుయంత్రంపై ఎంతవరకు అచ్చుపడుతుందో చూపే గీతకు కూడా ఈ పేరుండేది. కాలపరిమితి అనే అర్థం మాత్రం 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికా పత్రికా కార్యాలయాల్లో స్థిరపడింది.

అపోహ వల్ల మచ్చపడిన పదబంధం ‘రూల్ ఆఫ్ థంబ్’. బొటనవేలికన్నా లావు లేని కర్రతో భార్యను కొట్టవచ్చని ఇంగ్లండ్ చట్టం అనుమతించిందని, ఈ మాట అందులోంచే వచ్చిందని చెబుతారు. అలాంటి చట్టం లేదు. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే న్యాయమూర్తి అలా అన్నారనే వదంతి పుట్టగా, జేమ్స్ గిల్రే ఆయనను ‘జడ్జ్ థంబ్’ అంటూ వ్యంగ్యచిత్రం గీశారు. 19వ శతాబ్దపు అమెరికా కోర్టు తీర్పుల్లోనూ బొటనవేలి మందం ప్రస్తావన ఉంది, కానీ ఈ పదబంధం లేదు. కొలబద్ద లేకుండా అనుభవంతో వేసే అంచనా అనే అర్థంలో అది 17వ శతాబ్దంలోనే అచ్చులో ఉంది. స్త్రీలు అనుభవించిన హింస నిజం. దానికి సాక్ష్యంగా ఈ మాటను చూపడం సరికాదు.

అర్థం తలకిందులైన మాట ‘నైస్’. తెలియనివాడు అనే అర్థమున్న లాటిన్ ‘నెస్కియస్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు దాని అర్థం మూర్ఖుడు. తరువాత అతి సున్నితమైనవాడని, ప్రతిదానికీ వంకలు పెట్టేవాడని, ఆపైన సూక్ష్మమైనదని అర్థం మారుతూ, 18వ శతాబ్దానికి మంచిదనే అర్థంలో నిలిచింది. తెలుసుకోవడం అనే అర్థమున్న మూలధాతువు ఒకటే కావడం వల్ల ‘సైన్స్’ దీనికి దగ్గరి చుట్టం. ‘సిల్లీ’ ఇందుకు ఎదురుదారిలో నడిచింది. ధన్యుడితో మొదలై, అమాయకుడి మీదుగా తెలివితక్కువవాడి దగ్గరికి చేరింది.

చివరగా, సగం నిజమైన ఒక కథ. ‘ఏప్రన్’ ఒకప్పుడు ‘నేప్రన్’. ముందుండే ‘ఎ’ అనే ఉపపదం ఆ నకారాన్ని లాగేసుకుని ‘యాన్’ అయింది. ‘అంపైర్’ కూడా అంతే. ‘ఆరెంజ్’ను కూడా ఈ జాబితాలో చేర్చేస్తుంటారు. సంస్కృత ‘నారంగ’ పారశీకం, అరబ్బీల మీదుగా యూరప్ చేరిన మాట నిజమే. కానీ నకారం ఇటాలియన్, ఫ్రెంచి భాషల్లోనే రాలిపోయింది. ఇంగ్లిష్‌లోకి వచ్చేనాటికే ఆ పండు పేరు అచ్చుతో మొదలవుతోంది.