అపెండిక్స్ తీస్తే భుజం ఎందుకు లాగుతుంది?

[తెరపై: బొడ్డు దగ్గర ఒక చుక్క, పొత్తికడుపు మీద రెండు చుక్కలు ఉన్న బొమ్మ]

నమస్తే అండి. కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న గాట్లతో, అపెండిక్స్ తీయించుకుని అమలాపురమో పాలకొల్లో ఇంటికి చేరాక కొందరికి కొత్త టెన్షన్ మొదలవుతుంది. "కోసింది పొట్ట మీద కదండీ, భుజం ఎందుకు పీకుతోంది?"

కారణం గ్యాస్. బొడ్డు దగ్గర సెంటీమీటరు గాటు పెట్టి కెమెరా దింపుతారు. పేగులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే లోపల ఏమీ కనపడదు. అందుకే కార్బన్ డయాక్సైడ్ నింపి, గుంజ పెట్టి డేరా లేపినట్టు పొట్ట గోడను పైకి లేపుతారు. ఆ గ్యాస్ ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్‌ను రేపుతుంది. డయాఫ్రమ్ నరం దిగేది మెడ నుంచి. భుజానికి వెళ్లే నరాలూ అక్కడివే కాబట్టి మెదడు నొప్పిని భుజం ఖాతాలో వేస్తుంది. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ఆయాసం, చెమటలు, గుండెల్లో నొప్పి ఉంటే మాత్రం ఇది గ్యాసేలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

[తెరపై: గ్యాస్ ఒత్తిడి చూపించే మీటరు]

1980లో జర్మనీలోని కీల్‌లో కుర్ట్ సెమ్ ఈ పద్ధతిలో మొదటిసారి అపెండిక్స్ తీశారు. ఆయన గైనకాలజిస్టు. సర్జన్లు ఆయన మీద మండిపడ్డారు కూడా. తర్వాత ఒకే గాటుతో చేయడం వచ్చింది, 3 మిల్లీమీటర్ల సన్న పనిముట్లు వచ్చాయి. మచ్చ కనపడదని వీటికి మోజు ఎక్కువ. నన్నడిగితే రోగికి సుఖం మచ్చలో కన్నా ఆ మీటరులో ఎక్కువ ఉంది. మామూలుగా గ్యాస్ ఒత్తిడి 12 నుంచి 15 మిల్లీమీటర్లు (బీపీలా పాదరసం కొలతలో) పెడతారు. కుదిరినచోట 8-10తోనే పని కానిస్తే నొప్పి తగ్గుతుంది. ముగించేముందు గ్యాస్‌ను బాగా బయటికి తీసేయడం, గాట్ల దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ చేయడం కూడా చిన్న పనులే, రోగికి మాత్రం పెద్ద తేడా. ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ గారిని వీటి గురించి అడగండి, తప్పేం లేదు.

ఇక ఇంట్లో పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు చారన్నంతో సరిపెడతారు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలండీ! డాక్టరు తినమన్నాక పప్పు, గుడ్డు, చేప పెట్టండి. పుస్తెలమ్మి పులస కొననక్కర్లేదు, చెరువు చేప చాలు. మంచానికి అంటిపెట్టుకోకుండా ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే నాలుగడుగులు వేయించాలి. ధాన్యం బస్తాలు, రొయ్యల మేత మూటలు ఎత్తడం, కొబ్బరి చెట్టు ఎక్కడం మాత్రం సర్జన్ సరే అనేవరకు వద్దు. గాట్లు మానేదాకా కాలువ స్నానమూ వద్దు.

జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, గాటు నుంచి చీము, వీటిలో ఏది కనిపించినా తిరిగి చూపించుకోవాలి.

ఇదంతా అపెండిక్స్ పగలకముందు వస్తేనే. పగిలితే చీము కడగాలి, యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడాలి, ఒక్కోసారి పొట్ట పెద్దగా కోయాల్సి వస్తుంది. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందకి దిగే నొప్పిని ఊళ్లో నొప్పి సూదితో నొక్కిపెట్టకండి. ఉన్నట్టుండి నొప్పి పోయిందంటే పగిలిందేమోనని అనుమానించాలి. లంక గ్రామాల వాళ్లు వరద రోజుల్లో తెల్లారేదాకా ఆగకుండా, పడవలు ఆపేయకముందే రేవు దాటండి.