గురువును ధిక్కరించిన కార్నీలియస్ కార్డ్యూ

శ్రోతలకు నమస్కారం.

1972లో బీబీసీ రేడియో, జర్మన్ స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌసెన్ రచన 'రిఫ్రెయిన్'ను ప్రసారం చేస్తూ, దానికి ముందుమాటగా ఒక ప్రసంగం చేయమని ఆంగ్ల స్వరకర్త కార్నీలియస్ కార్డ్యూను కోరింది. ఆ ఎంపికలో వింతేమీ లేదు. 1958 నుంచి 1960 వరకు స్టాక్‌హౌసెన్‌కు సహాయకుడిగా ఉండి, నాలుగు వాద్యబృందాలు, నాలుగు గాయకబృందాలు కలిసి వినిపించే 'కారే' అనే భారీ రచనకు స్వరరూపం ఇవ్వడంలో చేయి కలిపినవాడు కార్డ్యూ. అయితే ఆ రోజు మైకు ముందు ఆయన చేసింది పరిచయం కాదు, అభియోగం. ఈ సంగీతం సామ్రాజ్యవాదానికి ఊడిగం చేస్తోందన్నది ఆ ప్రసంగ సారాంశం. 1974లో అదే మాటను శీర్షికగా పెట్టి ఒక పుస్తకమే ప్రచురించాడు.

ఈ ధిక్కారం బయటివాడిది కాదు. 1936లో పుట్టిన కార్డ్యూ చిన్నతనంలో కాంటర్బరీ కెథీడ్రల్ గాయకబృందంలో పాడాడు, లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివాడు, తర్వాత అక్కడే ఆచార్యుడయ్యాడు. బతుకుతెరువుకు గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తూ 1963, 1967 మధ్య 'ట్రీటిస్' రాశాడు. రాశాడనడం కన్నా గీశాడనడమే సబబు. 193 పుటల ఆ రచనలో రేఖలు, వలయాలు, అంకెలు, వంకర తిరిగిన ఆకారాలు కనిపిస్తాయి. దాదాపు అన్ని పుటల మధ్యగానూ ఒక లావుపాటి గీత సాగిపోతుంది. అడుగున, మామూలుగా స్వరాలు రాసుకునే గీతలు ఏమీ రాయకుండా ఖాళీగా ఉంటాయి. ఏ గుర్తుకు ఏ ధ్వని అన్నది వాయించేవాళ్లే తేల్చుకోవాలి.

ఆ దారిలో ఆయన అందుకున్న శిఖరం, నా దృష్టిలో, ప్రాచీన చైనా తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ వాక్యాల ఆధారంగా కూర్చిన 'ద గ్రేట్ లెర్నింగ్'లోని ఏడవ భాగం. దీన్ని పాడడానికి సంగీతజ్ఞానం అక్కరలేదు. సంజ్ఞ అందగానే ప్రతి ఒక్కరూ తమకు తోచిన స్వరంలో మొదటి మాటను, నిండుగా పీల్చిన ఊపిరి అయిపోయేదాకా సాగదీసి పాడతారు. పక్కన సూచించిన అంకె ఎంతో, అన్నిసార్లు. తరువాతి పంక్తికి వెళ్లేటప్పుడు మాత్రం, చుట్టూ పాడుతున్నవారిలో ఎవరి నోటనైనా వినిపిస్తున్న స్వరాన్ని ఎత్తుకోవాలి. ఇప్పటిదాకా పాడిన స్వరాన్నే మళ్లీ పట్టుకోకూడదు. మొదట గందరగోళంగా ఉన్న ధ్వని, ఒకరిని చూసి ఒకరు స్వరం మారుస్తున్నకొద్దీ, క్రమంగా పలచబడి కొద్ది స్వరాల మీద నిలుస్తుంది. తాళం వేసి నడిపించేవారు లేరు. ఎదుటివారిని వినకపోతే పాట ముందుకు కదలదు.

ఇలాంటి రచనలకోసమే 1969లో మైకేల్ పార్సన్స్, హోవర్డ్ స్కెంప్టన్‌లతో కలిసి ఆయన 'స్క్రాచ్ ఆర్కెస్ట్రా' స్థాపించాడు. విద్వాంసులూ, వాద్యం ఎన్నడూ ముట్టనివారూ అందులో సమానులే. రెండేళ్లు తిరగకుండానే లోపల అసంతృప్తి రాజుకుంది. మనం ఎవరికోసం వాయిస్తున్నాం అన్న ప్రశ్న వచ్చింది, మావో రచనల అధ్యయనం మొదలైంది. కార్డ్యూ అటువైపే మొగ్గాడు. 'ట్రీటిస్'నూ, 'ద గ్రేట్ లెర్నింగ్'నూ తానే ఖండించాడు. గురువుని విమర్శించిన కలంతో తన్ను తాను విమర్శించుకోవడం, ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నిజాయితీగా తోచే భాగం.

ఆ తరువాతి సంగీతం పూర్తిగా మారిపోయింది. కళాకారుడిగా ఆహ్వానం అందుకుని పశ్చిమ బెర్లిన్ వెళ్లినవాడు, అక్కడి బెథానియెన్ అనే పాత ఆసుపత్రి భవనంలో పిల్లల వైద్యశాల ఉండాలని పోరాడుతున్న స్థానికుల పక్షాన నిలిచి, వారికోసం పాట కట్టాడు. నాజీలు 1944లో చంపిన కమ్యూనిస్టు నాయకుడు ఎర్నెస్ట్ థేల్మన్ స్మృతిలో పియానో రచన చేశాడు. ఊరేగింపులలో పాడడానికి ఎవరైనా గొంతు కలపగల వరుసలు కూర్చాడు. 1979లో బ్రిటన్‌లో ఒక విప్లవ కమ్యూనిస్టు పార్టీ స్థాపకులలో ఒకడయ్యాడు. ఆ పాటలలో కొన్ని బిగువుగా ఉన్నాయి గాని, చాలావాటిలో నినాదం ముందు నడుస్తుంటే బాణీ వెనుక ఈడ్చుకుంటూ వస్తుంది.

1981 డిసెంబరు 13న తూర్పు లండన్‌లోని లేటన్‌లో, తన ఇంటికి దగ్గరలోనే ఒక వాహనం ఆయనను ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. ఆయన మరణించాడు. ఆ వాహనం నడిపినవారెవరో తేలలేదు. అప్పటికి ఆయన వయసు 45.

సామాన్యులకు అందదని తానే తోసిపుచ్చిన ఏడవ భాగాన్ని, స్వరాలు చదవడం రాని సామాన్యులు ఈనాటికీ గుంపుగా నిలబడి పాడుతున్నారు. కార్మికులకోసం రాసిన పియానో రచనలనేమో విద్వాంసులు కచేరీ వేదికల మీద వినిపిస్తున్నారు. ఆయన రాజకీయం నినాదాలలో కన్నా, పక్కవాడి గొంతు వింటేనే ముందుకు సాగగలిగే ఆ నియమంలోనే బలంగా పలికిందని నేను అనుకుంటాను. కార్డ్యూ ఉండి ఉంటే ఈ మాట ఒప్పుకునేవాడు కాదు. 1972లో చేసినట్టే, ఈ మైకు ముందుకే వచ్చి ఖండించి ఉండేవాడు.