అమ్మమ్మ క్యాసెట్లకు తగిన డెక్

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో స్థిరపడిన చాలా తెలుగు ఇళ్లలో, అటక మీదో బీరువా కింది అరలోనో, ఇంకా ఒక అట్టపెట్టె ఉంటుంది. దాని నిండా క్యాసెట్లు. సినిమా పాటలు, అన్నమయ్య కీర్తనలు, ఎవరి పెళ్లిలోనో వాయించిన నాదస్వరం, పిల్లవాడు మొదటిసారి అప్పజెప్పిన పద్యం. మా ఇంట్లో వాటితోపాటు ఉత్తరాలు కూడా ఉన్నాయి. మా మేనమామ 1980లలో కువైట్‌లో పనిచేసేవాడు. ఫోను చెయ్యడం బాగా ఖర్చుతో కూడిన పని. అందుకని క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. పెరంబూరు ఇంట్లో మా అమ్మమ్మ, రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉండే టూ-ఇన్-వన్ ముందు కూర్చుని జవాబు చెప్పేది. ఆ జవాబుల్లో నాలుగు క్యాసెట్లను మామయ్య తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాడు. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ నాలుగింటిలోనే.

వాటిని వినాలని మూడేళ్ల కిందట నేనొక పాత డెక్, అంటే క్యాసెట్లు వినిపించే, రికార్డు చేసే యంత్రం, కొన్నాను. చూడటానికి చాలా బాగుంది. వెండిరంగు ముఖం, రెండు క్యాసెట్లు పెట్టుకునే తలుపులు, పాటతోపాటు ఎగిసిపడే లైట్లు. అమ్మినాయన ఒక క్యాసెట్ పెట్టి మొదటి పాట వినిపించాడు. బాగానే పలికింది. ఇంటికి తెచ్చాక ఆగలేక, మొట్టమొదట పెట్టింది అమ్మమ్మ క్యాసెట్‌నే. ఇరవై నిమిషాలు నడిచింది. తర్వాత గొంతు సాగింది, ఆగిపోయింది. తలుపు తెరిచి చూస్తే టేపంతా లోపలి రబ్బరు చక్రానికి చుట్టుకుపోయి ఉంది. మెల్లగా విడదీసేసరికి ఒక మూర పొడవున నలిగిపోయింది.

క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. మూరెడు టేపంటే దాదాపు పది సెకన్ల మాట. ఆ పది సెకన్లలో అమ్మమ్మ ఎవరి గురించో అడుగుతోంది. ఎవరి గురించో ఇప్పుడు వినపడదు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఈరోజు, పాత డెక్ ఎలా చూసి కొనాలన్న విషయం ఎంచుకున్నాను.

ఆ డెక్ పట్టుకుని రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. మౌంట్ రోడ్డు పక్క సందుల్లో ఇప్పుడు ఎటు చూసినా సెల్‌ఫోన్ సామాన్లు, కంప్యూటర్ సామాన్లు, సీసీ కెమెరాలే. ఒక మేడ మెట్ల కింద మాత్రం ఒక పెద్దాయన ఇంకా టేప్ రికార్డర్లు విప్పుతున్నాడు. నా తమిళం రెండు ముక్కలు విని, "తెలుగులోనే చెప్పమ్మా, మాది గూడూరు పక్కనే" అన్నాడు. డెక్ మూత తియ్యకముందే ఆయన ఒక ప్రశ్న వేశాడు. "నీ దగ్గరున్న టేపులు ఎందులో రికార్డు చేసినవమ్మా?"

డెక్ అమ్మినవాళ్లు నన్ను ఈ మాట అడగలేదు. నేనూ ఆలోచించలేదు. పాత డెక్ కొనాలనుకునేవాళ్లు నిజానికి ఇక్కడే మొదలుపెట్టాలి. ఇంట్లో చేసిన రికార్డింగులు చాలావరకు టూ-ఇన్-వన్‌లో చేసినవే. అంటే మోనో, ఎడమ కుడి తేడా లేని ఒకే ధ్వని. మామూలు ఐరన్ ఆక్సైడ్ టేపు, డెక్ భాషలో టైప్ వన్. వాటిలో రొద తగ్గించే డాల్బీ పద్ధతి ఉండదు. అలాంటి టేపులు వినడానికి మెటల్ టేపు అనే ఖరీదైన రకానికి కావలసిన సౌకర్యం అక్కరలేదు. టేపును తాకి చదివే, రాసే భాగాన్ని హెడ్ అంటారు; మూడు హెడ్‌లూ అక్కరలేదు, మూడో హెడ్ ముఖ్యంగా రికార్డు చేస్తూనే అది ఎలా పడుతోందో వినడానికి పనికొస్తుంది. రెండు తలుపుల డెక్‌లు ఒక క్యాసెట్ నుంచి ఇంకోదానికి కాపీ చేసుకోవడానికి పుట్టినవి. వాటిలో చాలావాటికి మెకానిజం చౌకరకం. ఆటో రివర్స్ డెక్‌లో క్యాసెట్ తిప్పిపెట్టే పని తప్పుతుంది, నిజమే. కానీ చాలా మోడళ్లలో హెడ్ ప్రతిసారీ గిరుక్కున తిరగాలి. ఇన్నేళ్ల తర్వాత అది రెండు వైపులా సరిగ్గా కుదురుకుంటుందని నమ్మలేం. నన్నడిగితే ఒకే తలుపు, ఒకే దిక్కున నడిచే డెక్ తీసుకోండి.

ఒక్క హంగు మాత్రం ఉంటే వదులుకోవద్దంటాను. అది పిచ్ కంట్రోల్, అంటే వేగాన్ని కొంచెం అటూ ఇటూ మార్చే మర. కరెంటు పోయినప్పుడు టూ-ఇన్-వన్ బ్యాటరీల మీద నడిచేది. బ్యాటరీలు నీరసిస్తే టేపు నెమ్మదిగా నడుస్తూ రికార్డయ్యేది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో వింటే మనిషి గొంతు సన్నబడి, మాట పరుగెడుతుంది. మా రెండో క్యాసెట్‌లో అమ్మమ్మ చిన్నపిల్లలా మాట్లాడింది. వేగం కాస్త తగ్గిస్తేగానీ ఆమె ఆమె కాలేదు. డెక్‌కు ఆ మర లేకపోతే కంప్యూటర్‌లోకి ఎక్కించాక కూడా వేగం సరిచేసుకోవచ్చు.

డాల్బీ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. రే డాల్బీ 1963 నుంచి రెండేళ్లు మన దేశంలోనే యునెస్కో సలహాదారుగా పనిచేశారు. ఆ తర్వాత 1965లో లండన్ వెళ్లి తన సంస్థను స్థాపించారు. టేపులో వెనకాల వినిపించే 'స్స్' అనే రొదను తగ్గించడం ఆ పద్ధతి పని. అయితే రికార్డు చేసేటప్పుడు వాడితేనే వినేటప్పుడు వాడాలి. కంపెనీ క్యాసెట్ అయితే అట్ట మీద రెండు డీ అక్షరాలు ఎదురెదురుగా ఉన్న గుర్తు ఉందేమో చూడండి. ఉంటే డాల్బీ మీట వెయ్యండి. ఇంట్లో టూ-ఇన్-వన్‌లో చేసిన టేపుకు వేస్తే రొదతోపాటు మాటలో స్పష్టత కూడా పోతుంది.

కంపెనీ పేరు గురించి చాలామంది అడుగుతారు. సోనీ, టెక్నిక్స్, యమహా, డెనాన్, ఐవా, ఏదైనా మంచిదే. నకమిచి గొప్పదే, కానీ చెడిపోతే దాన్ని విప్పగలిగిన మనిషి దొరకాలి. ముప్పై ఏళ్లు దాటిన యంత్రానికి పేరుకన్నా ఒంట్లో ఆరోగ్యం ముఖ్యం. ఇప్పుడు కొత్తగా అమ్ముతున్న చిన్న ప్లేయర్లు వద్దా అంటారేమో. వాటిలో చాలావాటికి లోపల ఒకే రకం చౌక మెకానిజం, డాల్బీ ఉండదు. అందుకే నేను పాతదానివైపే మొగ్గుతాను.

ఇక కొట్లో ఎలా చూడాలో చెబుతాను. ఒక టార్చి, మీ హెడ్‌ఫోన్, డెక్‌కుండే పెద్ద కంతకు సరిపడే అడాప్టర్ తీసుకెళ్లండి. పోయినా బాధపడని క్యాసెట్ ఒకటి తీసుకెళ్లండి, అందులో వీణో వేణువో ఉండాలి. ఇంట్లోవాళ్ల గొంతున్న క్యాసెట్ మాత్రం బయటికి తియ్యొద్దు. వీణే ఎందుకంటే, తీగ మీద స్వరం నిలబడి సాగినప్పుడు వేగంలో వణుకు ఇట్టే తెలిసిపోతుంది. డప్పుల పాటలో అది దాక్కుంటుంది. స్వరం నీళ్లలో ఊగినట్టుంటే మోటారు నుంచి చక్రాలను తిప్పే బెల్టు వదులైందనో, రబ్బరు చక్రం గట్టిపడిందనో అర్థం.

పెద్దాయన నాకు చెప్పిన కిటుకు ఇంకోటుంది. మొదటి పాట వినకండి, చివరి పాట వినండి. టేపు హెడ్ దాటి వచ్చాక కుడివైపు చక్రం దాన్ని చుట్టుకోవాలి. మొదట్లో ఆ చుట్ట చిన్నది, లాగడం తేలిక. చివరికొచ్చేసరికి చుట్ట లావవుతుంది, అదే బలంతో తిరిగే చక్రానికి లాగే పట్టు తగ్గుతుంది. బెల్టు నీరసించిన డెక్ అక్కడే చేతులెత్తేస్తుంది. రబ్బరు చక్రం టేపును తోస్తూనే ఉంటుంది, తీసుకునేవాళ్లు లేక అది అక్కడే చుట్టుకుంటుంది. నా డెక్‌లో జరిగింది ఇదే. కొట్లో విన్న మొదటి పాటలో ఏమీ బయటపడలేదు. 90 నిమిషాల క్యాసెట్ తీసుకెళ్లి, ముందుకు పరుగెత్తించి, ఆఖరి ఐదు నిమిషాలూ కిటికీలోంచి ఆ కుడి చక్రాన్నే చూడండి. అది తడబడకుండా తిరగాలి.

తర్వాత టార్చి వేసి హెడ్ చూడండి. టేపు రాసుకున్న చోట గాడి పడి, అంచులు తేలి కనిపిస్తే అది అరిగిపోయినట్టే. గోధుమరంగు మురికి అయితే భయం లేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పోతుంది. రబ్బరు చక్రం అద్దంలా మెరుస్తుంటే మార్చాలి. బెల్టులు ఎలాగూ మార్పించాల్సి ఉంటుంది, ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చు కూడా కలుపుకోండి. రెండు హెడ్‌ఫోన్ చెవుల్లోనూ సమానంగా వినిపించాలి. మీట వేసినప్పుడల్లా కరకరమంటే అది చాలావరకు తుప్పే, కాంటాక్ట్ క్లీనర్‌తో కుదురుతుంది.

వెనక్కి తిప్పి వోల్టేజి చదవడం మరవకండి. జపాన్‌లో వాడటానికి చేసిన డెక్ 100 వోల్టులది, అమెరికాది 120. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది, స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గల్ఫ్ నుంచి తెచ్చిన కొన్నిటికి వెనక వోల్టేజి మార్చే మీట ఉంటుంది, అది ఎక్కడుందో చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. ఇంకో మాట, డెక్‌కు స్పీకర్లుండవు. యాంప్లిఫయర్‌కో, కంప్యూటర్ లైన్-ఇన్‌కో తగిలించాలి.

డెక్ ఇంటికొచ్చాక చెయ్యాల్సిన ఒక పని గురించి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని మీద హెడ్ నిలువుగా, సరిగ్గా నిలబడాలి. మీ టూ-ఇన్-వన్‌లో హెడ్ రవ్వంత ఒరిగి ఉంటే టేపు మీద గుర్తులూ అలాగే ఒరిగి పడ్డాయి. నిటారుగా ఉన్న మంచి డెక్ వాటిని చదివితే మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. టేపు పాడైందనుకుని చాలామంది అక్కడే పారేస్తారు. దయచేసి పారేయకండి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. మొదట అది ఉన్న చోట గుర్తు పెట్టుకోండి. యాంప్లిఫయర్‌కు మోనో మీట ఉంటే వేసి, టేపు నడుస్తుండగా ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పాలి. స, శ, ట లాంటి అక్షరాలు ఎక్కడ బాగా విచ్చుకుంటాయో అక్కడ ఆపాలి. తర్వాత నేను కొన్న రెండో డెక్‌లో రిచీ స్ట్రీట్ పెద్దాయన అలా తిప్పుతుంటే నేను పక్కనే ఉన్నాను. అప్పటిదాకా గొణుగుడుగా ఉన్న గొంతు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. వెనకాల కుక్కర్ కూత వినిపించింది. అమ్మమ్మ మాట ఆపి, "ఆ పొయ్యి తగ్గించండే" అంది. ముప్పై ఐదేళ్లకు పైగా ఆ టేపులోనే ఉన్న మాట అది.

అసలు క్యాసెట్ లోపల పెట్టేముందు దాని పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచెయ్యండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా ఏమీ చెరగదు. చాలా ఏళ్లుగా కదలని టేపును వినే ముందు ఒకసారి ఆ చివరిదాకా, మళ్లీ ఈ చివరిదాకా చుట్టండి. తెగితే, ఇలాంటి టేపులు అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపుతోనే అతికించండి. మామూలు సెల్లోటేపు జిగురు ఎండకు కారి హెడ్‌కు అంటుకుంటుంది.

సముద్రపు గాలి మన ఊళ్లో దేన్నీ వదలదు. డెక్‌ను కిటికీ దగ్గర పెట్టకండి, వారానికోసారైనా నడపండి. క్యాసెట్ కిటికీలోంచి చుట్ట మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే అది బూజు. దాన్ని డెక్‌లో పెడితే హెడ్‌కూ, ఆ తర్వాత పెట్టిన టేపులకూ అంటుకుంటుంది. మా నాలుగో క్యాసెట్‌కు అదే పట్టింది. పైడొక్కు స్క్రూలది కాదు, అతికించేసినది. దాన్ని జాగ్రత్తగా పగలగొట్టి, చుట్టను తుడిచి, స్క్రూలున్న వేరే డొక్కులోకి మార్చాలని పెద్దాయన అన్నాడు. ఈ శనివారం తీసుకెళ్తున్నాను. అందులో అమ్మమ్మ ఏం చెప్పిందో మామయ్యకు కూడా గుర్తు లేదట.

నమస్కారం.