సోమవారం మళ్ళీ బడికి వచ్చిన పిల్లలు

అందరికీ నమస్కారం.

మత్తు జోలికి పోవద్దని పిల్లలకు చెప్పడానికి మనం చాలా సభలు పెట్టాం. ర్యాలీలు తీశాం, వ్యాసరచన పోటీలు పెట్టాం. ఆ పోటీల్లో బహుమతి కొట్టినవాళ్ళలో ఎందరు తర్వాత ఆ దారినే పోయారో ఎవరూ లెక్క తీయలేదనుకోండి, అది వేరే సంగతి. ఇవాళ నేను మాట్లాడేది నివారణ గురించి కాదు. అలవాటులో పడి, చికిత్స తీసుకుని, ఒక సోమవారం పొద్దున బ్యాగు తగిలించుకుని మళ్ళీ గేటు దగ్గరికి వచ్చిన పిల్లల గురించి.

చికిత్స కేంద్రంలో ఉన్నన్నాళ్ళూ మానడం ఒక రకంగా తేలిక. అక్కడ సరుకు దొరకదు, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటారు. కష్టమంతా బయటికి వచ్చాకే. పెద్దవాళ్ళయితే ఉద్యోగం మారతారు, ఊరు మారతారు, పాత స్నేహాలు తెంచుకుంటారు. పదిహేనేళ్ళవాడు ఎక్కడికి పోతాడు? అలవాటు చేసినవాడు పక్క సెక్షన్‌లోనే ఉంటాడు. లంచ్ బెల్లు కొట్టగానే ఎదురుపడతాడు. పైగా ముందుచూపుకూ నిగ్రహానికీ పనికొచ్చే మెదడు ముందు భాగం ఇరవై దాటి మరికొన్నేళ్ళ వరకూ ఎదుగుతూనే ఉంటుంది. అలాంటి వయసులో ఉన్నవాడితో ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పి, మన పని అయిపోయిందనుకుంటే ఎలా?

మొదటి వారాల్లో మనం పొరబడే చోటు ఒకటుంది. నికోటిన్ మానినవాళ్ళకు మొదటి రెండు మూడు రోజులు నరకంగా ఉంటుంది. చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం కొన్ని వారాలు సాగుతాయి. గంజాయి మానినవాళ్ళకు మొదటి వారం ఉధృతంగా ఉంటుంది, నిద్ర కుదుటపడటానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు, పిచ్చి కలలు వస్తాయి. అలాంటి పిల్ల మొదటి పీరియడ్‌లో డెస్కు మీద తల వాల్చేస్తే మనకు వెంటనే తోచేదేమిటి? ‘మళ్ళీ మొదలుపెట్టినట్టుంది’ అని. మానేసింది కాబట్టే రాత్రి నిద్ర పట్టలేదేమో అన్న ఆలోచన రాదు. కాస్త మొహం కడుక్కుని రమ్మంటే సరిపోయేచోట మనం విచారణ మొదలుపెడతాం.

అందుకే తిరిగి వచ్చే రోజుకు ముందే ఒకసారి కూర్చోవాలి. హెడ్మాస్టరు, కౌన్సెలర్, తల్లిదండ్రులు, ఆ పిల్లవాడు. వాడు లేకుండా వాడి గురించి నిర్ణయాలు వద్దు. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని క్లాసులో అడిగితే ఏం చెప్పాలో అక్కడే అనుకోవాలి, ఎందుకంటే ఆ ప్రశ్న మొదటి పది నిమిషాల్లోనే వస్తుంది. అసలు విషయం ఏయే టీచర్లకు తెలియాలో కూడా అక్కడే తేల్చుకోవాలి. అందరికీ తెలియనక్కర్లేదు. ‘వాణ్ణి కాస్త ఓ కంట కనిపెట్టండి’ అని స్టాఫ్ రూమ్‌లో మంచి మనసుతో అన్న మాట సాయంత్రానికి బడంతా పాకుతుంది. అయితే గోప్యతకూ ఒక హద్దు ఉంటుంది. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఇంట్లోవాళ్ళకు, డాక్టరుకు చెప్పక తప్పదు. ఆ సంగతి పిల్లవాడికి ముందే చెప్పాలి, తర్వాత తెలిస్తే నమ్మకం పోతుంది.

బడిలో ఒక్క పెద్దమనిషైనా వాడికంటూ ఉండాలి. ఎవరన్నది వాణ్ణే ఎంచుకోనివ్వండి. మీరు క్లాస్ టీచర్ అనుకుంటారు, వాడు లైబ్రరీ మేడమ్ పేరు చెబుతాడు, లేదా ఆటల మాస్టారి పేరు. ఎవరైనా ఫరవాలేదు. మళ్ళీ వాడాలని మనసు లాగేసినప్పుడు చేయి ఎత్తి కారణం చెప్పకుండా ఆ మనిషి దగ్గరికి వెళ్ళిపోగలగాలి. ఆ మనిషి పెద్దగా ఉపదేశం చేయనక్కర్లేదు. ఆ లాగుడు చాలాసార్లు కాసేపు ఎగిసి, దానంతటదే తగ్గుతుంది. అంతసేపూ పక్కన కూర్చుంటే చాలు.

ఇక చదువు. నెలల తరబడి పోయిన పాఠాలన్నీ ఒక్కసారి నెత్తిన పెడితే ‘నావల్ల కాదు’ అనిపిస్తుంది, ఆ మాట వెనకే పాత దారి గుర్తొస్తుంది. ఏవి చదవాలి, ఏవి వదిలేయాలి అన్నది మనమే తేల్చి చెప్పాలి. మిగిలిన పిల్లలకు అన్యాయం కాదా అని కొందరు అడుగుతారు. టైఫాయిడ్ వచ్చి లేచినవాడి రికార్డు ఆలస్యంగా తీసుకున్నప్పుడు ఎవరూ అలా అడగలేదు.

అన్నిటికంటే గొడవ పెట్టేది మళ్ళీ జారిపోయినప్పుడు. వ్యసనానికి చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మంది మళ్ళీ వాడతారని అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతుంది. ఉబ్బసం, రక్తపోటు ఉన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం కూడా దాదాపు ఈ స్థాయిలోనే ఉంటుందని అదే సంస్థ పోల్చి చూపింది. మరి ‘ఇంకోసారి వాడితే పేరు కొట్టేస్తాం’ అని సంతకం పెట్టించుకుంటే జరిగేది ఒక్కటే, జారినవాడు దాచిపెడతాడు. హెరాయిన్ లాంటి వాటి విషయంలో ఈ దాపరికం ప్రాణాలు తీస్తుంది. కొన్నాళ్ళు మానేస్తే శరీరానికి ఆ మందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అలవాటైన పాత మోతాదే మళ్ళీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ‘నిన్న వాడాను సార్’ అని చెప్పినవాడికి ఆ రోజు శిక్ష ఉండకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనిషి ఉండాలి. బడిలో సరుకు అమ్మేవాడి సంగతి వేరు. మిగతా పిల్లల రక్షణ కూడా మన బాధ్యతే కదా.

ఉన్నట్టుండి పిల్లల మూత్రం పరీక్ష చేయిస్తే పోలేదా అంటారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2015లో ఈ పద్ధతికి వ్యతిరేకంగానే నిలబడింది. నా మాటా అదే. పరీక్ష అవసరమైతే చికిత్స చేసే డాక్టరు చేయిస్తారు. సీసా పట్టుకుని నిలబడ్డ టీచరు దగ్గరికి ఏ పిల్లవాడూ తన కష్టం చెప్పుకోవడానికి రాడు.

మానేసిన పిల్లలకు తోడు మానేసిన పిల్లలే. ఈ ఆలోచనతోనే అమెరికాలో 1980ల నుంచి మిన్నెసోటా లాంటి చోట్ల వీళ్ళకోసం ప్రత్యేక హైస్కూళ్ళు వచ్చాయి. 2002లో వాటికి ఒక సంఘం కూడా ఏర్పడింది. చికిత్స తర్వాత వాటిలో చేరినవాళ్ళనూ మామూలు బడులకు వెళ్ళినవాళ్ళనూ పోల్చి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. ప్రత్యేక బడి పిల్లల్లో గంజాయి వాడకం తక్కువ, బడి ఎగ్గొట్టిన రోజులూ తక్కువ. అది చదివి మన బడిలో నలుగుర్ని ఒక గదిలో కూర్చోబెడదాం అనుకోకండి. 1999లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ డిషన్, ఆయన సహచరులు ఒక హెచ్చరిక చేశారు: దారి తప్పే పిల్లల్ని గుంపుగా చేర్చితే ఒక్కోసారి ఒకరిని చూసి ఒకరు ఇంకా చెడతారని. నేర్పున్న పెద్దవాళ్ళు లేకుండా ఆ పని చేయవద్దు. దానికంటే చివరి బెల్లు తర్వాతి గంట మీద దృష్టి పెట్టండి. ఇంటికి పోయే దారిలోనే పాత జట్టు కాచుకుని ఉంటుంది. ఆ గంటలో కబడ్డీయో, డ్రాయింగో, ల్యాబ్ సర్దడమో, వాడికి ఇష్టమైన పని ఏదో ఒకటి ఉంటే ఆ దారి ఆ రోజుకు తప్పుతుంది.

ఇంకొక్కటి, గట్టిగా చెప్పాలి. మానేసిన పిల్లవాణ్ణి స్టేజీ ఎక్కించి ‘నీ కథ చెప్పు’ అనకండి. చప్పట్లు బాగానే పడతాయి. కానీ ఆ తర్వాత వాడు బడి మొత్తానికీ ‘ఆ అబ్బాయి’ అయిపోతాడు, మళ్ళీ జారితే చెప్పుకునే చోటు ఉండదు. పెద్దయ్యాక తానే చెప్పాలనుకుంటే చెబుతాడు.

దీనికంతా డబ్బెక్కడిదని హెడ్మాస్టర్లు అడుగుతారని తెలుసు. నేను చెప్పిన వాటిలో చాలావాటికి సమయం కావాలి, డబ్బు కాదు. కౌన్సెలర్‌కు మాత్రం డబ్బు కావాలి. ఆ పని ఖాళీ పీరియడ్ ఉన్న టీచరుకు అంటగట్టకండి, యాజమాన్యాన్ని అడగండి, వినకపోతే మళ్ళీ అడగండి. ఇక మీ ప్రశ్నలు. పరీక్షల్లో వెసులుబాటు గురించి ముందు వరుసలో ఎవరో చేయి ఎత్తారు, అక్కడినుంచి మొదలుపెడదాం.