పాత యాక్సెస్ ఫైలులో ఏముందో తెలుసుకోవడం

శ్రోతలకు నమస్కారం.

డెల్టాలో రైస్ మిల్లు కావచ్చు, రొయ్యల మేత డీలరు కొట్టు కావచ్చు, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం కావచ్చు. ఏళ్ల కిందట ఎవరో కుర్రాడు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో, అంటే లెక్కలను పట్టికలుగా దాచే సాఫ్ట్‌వేర్‌లో, చేసిచ్చిన ప్రోగ్రాం ఇంకా అక్కడ నడుస్తూనే ఉంటుంది. చేసిన మనిషి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోయి ఉంటాడు. రోజువారీ పనికి ఇబ్బంది లేదు. కంప్యూటర్ మార్చాల్సి వచ్చినప్పుడో, బిల్లులో ఒక కొత్త గడి పెట్టాల్సి వచ్చినప్పుడో మొదలవుతుంది తంటా. లోపల ఎన్ని టేబుళ్లు, అంటే లెక్కలు నింపే పట్టికలు, ఉన్నాయో, ఏది దేనికి ముడిపడి ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ వివరాలను ఫైలు నుంచే రాబట్టే సాధనాలున్నాయి. అవి ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో ఈరోజు చూద్దాం.

ముందు నకలు తీసుకోవాలి. ఫైలున్న ఫోల్డర్లో అదే పేరుతో, చివర ఎల్‌ఏసీసీడీబీ అనో, పాత ఫైలైతే ఎల్‌డీబీ అనో ఇంకో చిన్న ఫైలు కనిపిస్తే ఎవరో ప్రోగ్రాం తెరిచి ఉంచారన్నమాట. అందరూ మూసేశాక కాపీ చేయండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్రోగ్రాం ఒక ఫైలులో, అసలు లెక్కలు సర్వర్లో వేరే ఫైలులో ఉండటం మామూలే. మీరు మొదటి ఫైలును మాత్రమే కాపీ చేస్తే, ఆ కాపీ కూడా సర్వర్లోని అసలు లెక్కలనే పట్టుకుని ఉంటుంది. కాపీయే కదా అని ఒక వరుస చెరిపితే నిజం లెక్కలోనే చెరిగిపోతుంది. కాబట్టి రెండు ఫైళ్లూ కాపీ చేసి, లింక్డ్ టేబుల్ మేనేజర్‌లోకి వెళ్లి లింకులను కొత్త కాపీ వైపు తిప్పాకే మిగతా పని.

ఫైలు తెరిచేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి ఉంచితే సాధారణంగా మెనూ ఫారం, అంటే బటన్లుండే మొదటి తెర, రాకుండా నేరుగా లోపలికి వెళ్తారు. చేసినవాళ్లు ఆ దారి మూసేసి ఉంటే పని చేయదు. యాక్సెస్ 97 కాలం నాటి ఫైలును 2013, ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. 2010లోనో అంతకు ముందుదాంట్లోనో మార్చుకుని తేవాలి. ఫైలు పేరు చివర ఎండీఈ, ఏసీసీడీఈ ఉంటే టేబుళ్లు చూడగలరు కానీ ఫారాల డిజైను, కోడు (ప్రోగ్రాం ఆదేశాలు) కనిపించవు. అసలు ఫైలు ఎక్కడుందో వెతకక తప్పదు.

ఇక ప్రధాన సాధనం డేటాబేస్ డాక్యుమెంటర్, ఫైలు నిర్మాణాన్ని రిపోర్టుగా రాసిస్తుంది. వేరే కొనక్కర్లేదు, యాక్సెస్‌లోనే ఉంటుంది. డేటాబేస్ టూల్స్ ట్యాబ్‌లో అనలైజ్ అనే భాగంలో చూడండి. అన్నిటికీ టిక్కు పెట్టి ప్రింట్ కొడితే ఫారంలోని ప్రతి బటన్ రంగూ కొలతా సహా వందల పేజీలు వస్తాయి, ఎవరూ చదవరు. మొదటి విడత టేబుళ్లు మాత్రమే ఎంచుకోండి. ఆప్షన్స్‌లో ఫీల్డులకు, అంటే టేబుల్లోని నిలువు గడులకు, పేరు, రకం, సైజు చాలు. ఇండెక్సులకు, అంటే త్వరగా వెతకడానికి పెట్టిన సూచికలకు, పేరు, ఫీల్డులు. టేబుళ్ల మధ్య ముడులు చూపే రిలేషన్‌షిప్స్ టిక్కు ఉంచండి. రెండో విడత క్వెరీలు, అంటే టేబుళ్ల నుంచి కావలసిన వివరాలు తీసే ప్రశ్నలు, వాటిని రాసిన భాషైన ఎస్‌క్యూఎల్ మాత్రమే. వచ్చిన రిపోర్టును యాక్సెస్ తనలో దాచుకోదు, మూసేస్తే పోతుంది. వెంటనే పీడీఎఫ్‌గానో టెక్స్ట్ ఫైలుగానో ఎగుమతి చేసుకోవాలి.

ఆ వందల పేజీల పూర్తి రిపోర్టుకూ ఒక ఉపయోగముంది, కాగితం మీద కాదు, టెక్స్ట్ ఫైలుగా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వచ్చింది. పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది. పాత ప్రోగ్రాంలో ఈస్ట్ గోదావరి అన్న మాట టేబుల్ డీఫాల్ట్ విలువలో, అంటే ఏమీ కొట్టకపోయినా దానంతటదే పడే విలువలో, ఉండొచ్చు, రిపోర్టు తలకట్టులో ఉండొచ్చు, కోడులో కూడా ఉండొచ్చు. టెక్స్ట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ మాట వెతికితే ఎక్కడెక్కడ మార్చాలో తేలిపోతుంది. ఒక్క మినహాయింపు, జిల్లా పేరు టేబుల్ వరుసల్లో నింపిన వివరమైతే డాక్యుమెంటర్‌లో రాదు. అది నిర్మాణాన్ని చెబుతుంది, నింపిన లెక్కలను కాదు.

ఆబ్జెక్ట్ డిపెండెన్సీస్ అని ఇంకొకటుంది. ఒక టేబుల్ మీద ఏ క్వెరీలు, ఏ ఫారాలు ఆధారపడ్డాయో చూపిస్తుంది. పేర్ల మార్పును గమనించే ట్రాక్ నేమ్ ఆటోకరెక్ట్ సెట్టింగు ఆన్‌లో ఉంటేనే పని చేస్తుంది. కోడులో వాడిన పేర్లను ఇది చూడదు, రెండు మూడు క్వెరీల ఫలితాలను కలిపే యూనియన్ క్వెరీలనూ చూడదు. ఆధారపడినవేమీ లేవని చూపించిందని టేబుల్ తీసేయకండి. కోడు తెరిచి కంట్రోల్ ఎఫ్ నొక్కి, కరెంట్ ప్రాజెక్ట్ ఎంచుకుని, ఆ పేరు వెతికి చూడండి. కోడుతో సహా ఏ పేరు ఎక్కడెక్కడ వాడారో చూపే జాబితా తయారు చేయడానికి టోటల్ యాక్సెస్ అనలైజర్ లాంటివి డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. మీ యాక్సెస్ వెర్షన్‌కు సరిపడేదే తీసుకోవాలి. ఇరవై టేబుళ్ల కొట్టు లెక్కకు మాత్రం అది అనవసరపు ఖర్చు. లైనక్స్ వాడేవాళ్లకు ఎండీబీ టూల్స్ ఉచితం. ఎండీబీ స్కీమా అన్న ఆదేశం టేబుళ్ల నిర్మాణమంతా రాసిస్తుంది, ఫారాల జోలికి పోదు.

అదే అనలైజ్ భాగంలో అనలైజ్ టేబుల్, అనలైజ్ పెర్ఫార్మెన్స్ కూడా ఉన్నాయి. సలహాలు చదవండి. ఆమోదించే బటన్ మాత్రం నొక్కకండి, అవి డిజైన్‌నే మార్చేస్తాయి.

ఏ సాధనమూ చెప్పలేనిది ఒకటుంది, అర్థం. క్వాంటిటీ, నంబర్, డబుల్ (దశాంశాలు పట్టే సంఖ్య రకం) అని డాక్యుమెంటర్ రాస్తుంది. అది బస్తాలా, క్వింటాళ్లా? మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, ప్రభుత్వ కొనుగోలు లెక్క క్వింటాళ్లలో. వంద బస్తాలంటే 75 క్వింటాళ్లు. పొరపడితే వందకు 25 క్వింటాళ్ల తేడా. ఆ ఫీల్డులోని కనిష్ఠ, గరిష్ఠ విలువలను మొత్తాలు, కనిష్ఠ గరిష్ఠాలు లెక్కించే టోటల్స్ క్వెరీతో తీసి, నాలుగైదు కాటా చీటీలతో పోల్చితే తేలుతుంది. సీజన్ ఫీల్డులో 1, 2 అని ఉంటే సార్వా ఏది, దాళ్వా ఏది? నాట్ల తేదీలను బట్టి చూడాలి. రొయ్యల కౌంట్ ఫీల్డు మరీ ప్రమాదం. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలో ఆ సంఖ్య. సంఖ్య పెరిగితే సైజు తగ్గినట్టు. పరిమాణం చూడకుండా దానికి నేరుగా సగటు తీసిన రిపోర్టు ధర లెక్కకు పనికిరాదు.

భూమి విస్తీర్ణం ఇంకా తిరకాసు. ఎకరానికి వంద సెంట్లు. రెండెకరాల ఐదు సెంట్లను 2.05 అని ఎక్కించాలి. గుమాస్తా 2.5 అని కొడితే రెండెకరాల యాభై సెంట్లయిపోతుంది. టేబుల్ నిండా వరుసలుండి, చుక్క తర్వాత సున్నా ఉన్న విలువ ఒక్కటీ కనబడకపోతే అనుమానించండి. పాస్‌పుస్తకాలతో సరిచూడండి.

రూపాయల ఫీల్డు రకం సింగిల్ (డబుల్ కంటే తక్కువ అంకెలు పట్టేది) అని ఉంటే అందులో నిలిచేవి సుమారు ఏడు అంకెలే. లక్ష దాటిన మొత్తంలో పైసలు సరిగా ఉండకపోవచ్చు. అక్కడ ఉండాల్సిన రకం కరెన్సీ, నాలుగు దశాంశాల దాకా కచ్చితం. తేదీలదీ ఇంతే. కోడులో క్వెరీ రాసేటప్పుడు హాష్ గుర్తుల మధ్య పెట్టిన తేదీని యాక్సెస్ అమెరికా పద్ధతిలో, నెల ముందు చదువుతుంది. జూన్ 5 మే 6 అయిపోతుంది. 13వ తేదీ నుంచి నెల సంఖ్యగా కుదరదు కాబట్టి సరిగానే చదువుతుంది. అందుకే నెలలో మొదటి పన్నెండు రోజుల లెక్కలే తప్పుతాయి. ఫిర్యాదు ఆ రూపంలో వస్తే కోడులో హాష్ గుర్తు వెతకండి.

తెలుగు పేర్లు అను ఫాంట్లలో కొట్టి ఉంటే, వేరే ఫైలులోకి తీయగానే అర్థంకాని గుర్తుల్లా కనిపిస్తాయి. డేటా చెడిపోలేదు, యూనికోడ్ కన్వర్టర్‌తో మార్చుకోవాలి. ఏయే ఫీల్డులో ఏ ఫాంటు వాడారో రాసి పెట్టుకోండి.

తెలుసుకున్న ఈ అర్థాలన్నీ టేబుల్ డిజైన్‌లో ప్రతి ఫీల్డు పక్కనుండే డిస్క్రిప్షన్ గడిలోనే రాయండి. బస్తా, 75 కిలోలు, అని రెండు మాటలు చాలు. తర్వాత డాక్యుమెంటర్‌ను మళ్లీ నడిపి, ఫీల్డులకు ఈసారి ప్రాపర్టీస్ కూడా ఎంచుకుంటే ఆ వివరణలూ రిపోర్టులో వస్తాయి. ప్రోగ్రాంలో మార్పు చేసిన ప్రతిసారీ కొత్త టెక్స్ట్ ఫైలు తీసి, తేదీతో పేరు పెట్టండి. విండోస్‌లో ఎఫ్‌సీ ఆదేశంతో పాతదానితో పోల్చితే ఏం మారిందో వరుసలవారీగా చూపిస్తుంది. చివరిసారి సవరించిన తేదీల వరుసలు కూడా తేడాలుగా వస్తాయి, వాటిని పట్టించుకోనక్కర్లేదు.