పని ఒకటే, జీతాలు రెండు

శ్రోతలకు నమస్కారం. కోర్టు ఆఫీసుల్లో తరచూ వినపడే ఒక తగాదా గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

ఒకే సెక్షన్‌లో పక్కపక్క సీట్లలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు డిగ్రీతో జూనియర్ అసిస్టెంటుగా వచ్చారు, ఇంకొకరు ఇంటర్, టైపు పరీక్షలతో కాపీయిస్టుగా వచ్చారు. సిబ్బంది చాలక రెండో ఆయనకూ అదే పని అప్పగించారు. కేసు కట్టలు చూసేది ఇద్దరూ, ‘ఎ’ డైరీ, అంటే రోజువారీ కేసుల పుస్తకం, రాసేది ఇద్దరూ, జడ్జిగారి దగ్గర మాట పడేదీ ఇద్దరూ. పని ఒకటే, జీతాలు రెండు. ఇదెక్కడి న్యాయమని రెండో ఆయన అడుగుతాడు.

సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగంలోనే ఉంది కదా అంటారు. ఉంది, 39వ అధికరణలో. అది ఆదేశిక సూత్రం, అంటే నేరుగా కోర్టులో అడగలేనిదే అయినా, సమానత్వం గురించి చెప్పే 14, 16 అధికరణలతో కలిపి చదివితే హక్కుగా అడగవచ్చని 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవరు. మరి కోర్టు గుమాస్తాకు అది చాలదా? చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ఒక ట్రేసర్ కథ వినాలి. అది మన హైదరాబాద్ రాష్ట్రంలోనే మొదలైంది.

ట్రేసర్ అంటే, ఇంజనీరింగ్ శాఖలో నక్షా మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనపడే గీతల్ని సిరాతో పైకి ఎత్తి రాసే మనిషి. గీత వంకర పోకూడదు, కొలత తప్పకూడదు. చెయ్యి కుదరాలి. మెట్రిక్ పాసయినవాళ్లూ ఉండేవాళ్లు, కానివాళ్లూ ఉండేవాళ్లు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలయింది. ఒక ముక్క ఆంధ్రప్రదేశ్‌కు, ఒకటి బొంబాయికి, ఒకటి మైసూరుకు. ఫైళ్లతో పాటు మనుషుల్నీ పంచారు. మెట్రిక్ లేని ఒక ట్రేసర్ మైసూరు వాటాలో పడ్డాడు. అక్కడ ట్రేసర్లను రెండుగా చీల్చారు: మెట్రిక్ ఉన్నవాళ్లకు పెద్ద స్కేలు, లేనివాళ్లకు చిన్న స్కేలు. ఆయన హైకోర్టుకు వెళ్లాడు, గెలిచాడు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967లో ఆ గెలుపు కొట్టుకుపోయింది. చదువును బట్టి స్కేలు తేడా పెట్టడం సమానత్వానికి విరుద్ధం కాదన్నారు. పని ఒకటే, జీతాలు రెండు, అయినా చెల్లుతుందన్నారు.

నన్నడిగితే ఆ తీర్పు కాస్త కఠినమే. గీత గీసే చేతికి మెట్రిక్ ఏం సాయం చేస్తుంది? ఇలాంటి సందేహం న్యాయమూర్తులకూ కలిగింది. 1974లో మన ఇంజనీరింగ్ సూపర్వైజర్ల కేసు, మహమ్మద్ షుజాత్ అలీ కేసు, విచారిస్తూ జస్టిస్ భగవతి హెచ్చరించారు: పదవి చేసే పనికి అవసరం లేని చదువును అడ్డం పెట్టి తేడా చూపితే సమానత్వానికే దెబ్బ. హెచ్చరించారు గాని, సూపర్వైజర్లకు లాభం లేకపోయింది. పట్టభద్రులనూ కానివారినీ మొదటినుంచీ వేరు వర్గాలుగానే చూస్తూ వచ్చారని, పదోన్నతిలో పట్టభద్రులకు మొగ్గు చూపిన నిబంధనను నిలబెట్టారు. 1989లో ఆంధ్రప్రదేశ్ సూపర్వైజర్ల జీతాల కేసులోనూ అంతే.

కాబట్టి మన గుమాస్తా ‘నేనూ అదే పని చేస్తున్నా’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఓడిపోతాడు. రుజువు భారం అడిగినవాడిదే. వినతిపత్రంతో ఏం జతచేయాలి? మొదట, రెండు పోస్టుల సర్వీసు నిబంధనలు: ఎలా నియమించారు, ఏ చదువు అడిగారు, సీనియారిటీ జాబితా ఒకటా రెండా. తర్వాత, పని అప్పగించిన ఆఫీసు ఆర్డరు, తేదీతో సహా. నోటిమాటగా చేయించుకున్న పనిని కోర్టులో రుజువు చేయడం కష్టం. ఆ తర్వాత, తేడా ఎక్కడ పుట్టిందో ఆ జీవో. ఆ జీవోను సవాలు చేయకుండా జీతం పెంచమని మాత్రమే అడగడం పెద్ద పొరపాటు. పోస్టు పేర్లు కలిశాయనో, పక్క రాష్ట్రంలో ఎక్కువిస్తున్నారనో వాదించకండి. బాధ్యత, జవాబుదారీ, పై పదవికి దారి, ఇవి పోల్చండి.

ఇంకొకటి. జిల్లా కోర్టు సిబ్బందికి నిబంధనలు 309వ అధికరణ కింద, హైకోర్టు సిబ్బందికి 229 కింద. హైకోర్టు ఉద్యోగుల జీతాల నిబంధనలు ప్రధాన న్యాయమూర్తి చేసినా గవర్నర్ ఆమోదం కావాలి. 1970ల మధ్యలో మన హైకోర్టు ఉద్యోగులు సచివాలయంతో సమానంగా జీతాలడిగిన కేసు సుప్రీంకోర్టులో ఆ ఆమోదం దగ్గరే ఆగిపోయింది.

చివరగా, తేదీ. జీతం తేడా నెలనెలా జరిగే నష్టమే గనక ఆలస్యమైనా కేసు వేయవచ్చు. కానీ బకాయిలు సాధారణంగా పిటిషన్ వేసిన తేదీకి వెనక మూడేళ్లకే ఇస్తారు, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం. పదేళ్లు వినతిపత్రాలిస్తూ కూర్చుంటే ఏడేళ్ల డబ్బు పోయినట్టే. వినతిపత్రం పైఅధికారి ద్వారా పంపండి, ఇన్‌వర్డు నంబరు, తేదీ వేయించుకోండి. కొన్ని నెలలు చూసినా జవాబు రాకపోతే ఇంకో వినతిపత్రం రాయకండి, ఆ నకలు తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లండి. నమస్కారం.