14 సెకన్లు: డెవిన్ హెస్టర్ కెరీర్‌పై చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: యాంకర్, అమెరికన్ ఫుట్‌బాల్‌ను చాలా ఏళ్లుగా గమనిస్తున్న విశ్లేషకుడు, స్కూల్ పిల్లలకు పరుగు నేర్పే అథ్లెటిక్స్ కోచ్, షికాగో పక్కనే నేపర్‌విల్‌లో ఉండే బేర్స్ అభిమాని)

యాంకర్: అందరికీ నమస్కారం. ఈరోజు మనం మాట్లాడుకునేది డెవిన్ హెస్టర్ గురించి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్‌కు రిటర్నర్‌గా, వైడ్ రిసీవర్‌గా, అంటే విసిరిన బంతిని పట్టేవాడిగా ఆడాడు. 2024లో ఆ ఆటలో మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మేడమ్, మీతోనే మొదలుపెడదాం. ఈ ఆటగాడు మీకు ఎలా పరిచయం?

అభిమాని: 2007 ఫిబ్రవరి 4, సూపర్ బౌల్ రోజు, అంటే ఆ లీగ్ ఫైనల్. మేం అమెరికా వచ్చి అప్పటికి ఆరు నెలలే అయింది. ఆ ఆట గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. మా వారి ఆఫీసువాళ్లని భోజనానికి పిలిచాం. నేను వంటింట్లో పులిహోరకి పోపు పెడుతున్నాను. "మొదలవుతోంది, రా" అని పిలిచారు. "ఒక్క నిమిషం" అన్నాను. ఇంకా ఆవాలు చిటపటమంటూనే ఉన్నాయి, హాల్లో ఒకటే అరుపులు. ఎవరికైనా ఏమైనా అయిందేమో అని గరిటె పట్టుకునే పరుగెత్తాను. అప్పటికే అయిపోయింది. ఇన్నేళ్లయినా దాన్ని లైవ్‌లో చూడలేకపోయాననే బాధ పోలేదు. ఎన్నిసార్లు రీప్లే చూసినా అది రీప్లేనే కదా.

యాంకర్: సార్, ఆ క్షణంలో ఏం జరిగిందో ఆట తెలియనివాళ్లకు అర్థమయ్యేలా చెప్తారా?

విశ్లేషకుడు: ఆట మొదలయ్యేది కిక్‌ఆఫ్‌తో. ఒక జట్టు బంతిని దూరంగా తన్నుతుంది. అవతలి జట్టులో వెనక నిలబడ్డ మనిషి దాన్ని పట్టుకుని ఎదురు పరుగెత్తాలి. తన్నిన జట్టువాళ్లు పదకొండు మంది అతని మీదికి వస్తుంటారు. ఆ మనిషే రిటర్నర్. మామూలుగా ఇరవై, పాతిక యార్డులు వస్తే బాగా చేశాడంటారు. ఆ రోజు మయామిలో వాన. ఇండియానాపోలిస్ కోల్ట్స్ కిక్కర్ వినటియెరి తన్నాడు. హెస్టర్ 92 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి గోల్ గీత దాటించాడు. ఆట మొదలై 14 సెకన్లే. సూపర్ బౌల్‌లో మొట్టమొదటి కిక్‌ఆఫ్‌నే టచ్‌డౌన్ చేసినవాడు అతనొక్కడే.

కోచ్: తర్వాత కోల్ట్స్ ఏం చేశారో కూడా చెప్పండి సార్. అది ముఖ్యం.

విశ్లేషకుడు: హెస్టర్‌కి తన్నాలా వద్దా అని కోల్ట్స్ ముందే మాట్లాడుకున్నారు. భయపడకుండా నేరుగా తన్నుదాం అని కోచ్ టోనీ డంజీ నిర్ణయించారు. ఆ ఒక్క పరుగు చూశాక ఆ ఆలోచన వదిలేశారు. ఆట ముగిసేదాకా బంతిని నేల మీద దొర్లేలా పొట్టిగా తన్నారు. ఆ మ్యాచ్ బేర్స్ 29-17తో ఓడిపోయింది. కానీ అతనికి రెండో అవకాశం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

కోచ్: నేను చెప్పదలచింది అదే. అతని గొప్పతనంలో సగం స్కోరు కార్డులో కనిపించదు. భయపడి పొట్టిగా తన్నినా, పక్క గీత దాటించినా, బేర్స్‌కి బంతి మైదానం మధ్యకి దగ్గరగా దొరికేది. అంటే అతను కదలకుండా నిల్చున్నా జట్టుకి ఇరవై యార్డులు మిగిలినట్టే. దాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు? ఎక్కడా రాయరు.

యాంకర్: మొదటి ఏడాది నుంచే ఇలా ఉందా?

విశ్లేషకుడు: మొదటి మ్యాచ్ నుంచే. ఇతను ఫ్లోరిడాలోని రివియేరా బీచ్ కుర్రాడు. పదేళ్ల వయసులో తల్లి కారు ప్రమాదంలో బాగా గాయపడింది, తర్వాత కొన్నాళ్లకే తండ్రి క్యాన్సర్‌తో పోయాడు. మయామి యూనివర్సిటీలో చదివాడు. అక్కడ ఇతన్ని ఒక స్థానంలో కుదురుగా ఆడించలేదు. కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే 2006 డ్రాఫ్ట్‌లో, రెండో రౌండ్‌లో, 57వ ఆటగాడిగా బేర్స్ తీసుకుంది. ఒక స్థానమంటూ లేని కుర్రాడికి ఇంత ముందు పిక్ ఎందుకు ఖర్చు పెట్టారని చాలామంది అడిగారు. సెప్టెంబర్ 10న గ్రీన్ బేలో తొలి మ్యాచ్. పంట్‌ని, అంటే ఆట మధ్యలో అవతలి జట్టు బంతిని వదులుకుంటూ దూరంగా తన్నేదాన్ని, 84 యార్డులు తెచ్చి టచ్‌డౌన్ చేశాడు. బేర్స్ 26-0తో గెలిచింది. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపేవాడు, బ్రెట్ ఫావ్ కెరీర్‌లో అతని జట్టు ఒక్క పాయింటూ చేయకపోవడం అదే మొదటిసారి.

అభిమాని: ఆ ఏడాదే అక్టోబర్‌లో అరిజోనా మ్యాచ్ ఉంది కదండీ. నేను తర్వాత పూర్తి వీడియో వెతుక్కుని చూశాను. సగం ఆటయ్యేసరికి బేర్స్ 0-20 వెనకబడి ఉంది. బేర్స్ క్వార్టర్‌బ్యాక్ గ్రాస్‌మన్ బంతిని ఆరుసార్లు పోగొట్టాడు. అఫెన్స్, అంటే బంతితో దాడి చేసే బృందం, ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. అయినా 24-23తో గెలిచారు! డిఫెన్స్ రెండు టచ్‌డౌన్లు చేసింది. మూడు నిమిషాల లోపు ఉందనగా హెస్టర్ పంట్‌ని 83 యార్డులు తెచ్చాడు. ఆ మ్యాచ్ చూశాకే నాకు ఈ ఆట మీద నిజంగా ఇష్టం కలిగింది.

యాంకర్: కోచ్ గారూ, మీరు పరుగు నేర్పేవారు. ఇతని పరుగులో మీకు కనిపించేదేమిటి? వేగమేనా?

కోచ్: వేగం ఉన్నవాళ్లు ఆ లీగ్‌లో వందమంది ఉంటారండీ. హెస్టర్ దగ్గర ఉన్నది ఆగగలగడం. మన కబడ్డీలో కూతకెళ్లిన మనిషిని చూడండి. అవతలి వైపు ఏడుగురు గొలుసు కట్టి ఉంటారు. తెలివైనవాడు ముందు దూకడు. ఒకవైపు ఊగి, వాళ్లలో ఒకడి బరువు తప్పు కాలి మీద పడేదాకా చూస్తాడు. హెస్టర్ బంతి పట్టగానే ఒక్క క్షణం అలాగే ఊగుతాడు. ఆ తర్వాత వేసే మొదటి అడుగు చూడాలి మీరు! పక్కకి వేస్తాడు కానీ వేగం తగ్గదు. చాలామంది పక్కకి తిరిగినప్పుడు మడమ నేలకి తగిలి బ్రేక్ పడుతుంది. ఇతనికి పడదు. నేను మా పిల్లలకి అతని వీడియోలు నెమ్మదిగా వేసి, పాదం మాత్రమే చూడండి అని చెప్తాను.

విశ్లేషకుడు: 2006 నవంబర్‌లో జెయింట్స్ మీద చేసింది ఆగడానికి మంచి ఉదాహరణ. జెయింట్స్ ఫీల్డ్ గోల్ కోసం, అంటే గోల్ స్తంభాల మధ్య నుంచి పంపాలని తన్నిన బంతి పొట్టిగా పడింది. హెస్టర్ ఎండ్ జోన్ లోపల, అంటే గోల్ గీత వెనక, పట్టుకున్నాడు. ఆట అయిపోయిందన్నట్టు రెండడుగులు తీరిగ్గా నడిచాడు. అవతలివాళ్లు కాస్త వదులయ్యారు. అంతే, లంఘించాడు. 108 యార్డులు. అంతకు ముందు ఏడాది సొంత జట్టు మిత్రుడు నేథన్ వాషర్ పెట్టిన రికార్డుతో సమానం. ఆ సీజన్‌లో రిటర్న్ టచ్‌డౌన్లు ఆరు, మరుసటి సీజన్‌లో మళ్లీ ఆరు.

కోచ్: అతన్ని ఒక్కణ్ణే పొగిడితే సరిపోదు. తన్నే ఆటలు, రిటర్న్‌లు చూసుకునే స్పెషల్ టీమ్స్ కోచ్ డేవ్ టౌబ్, ముందు అడ్డుగోడ కట్టే కుర్రాళ్లు, వీళ్లు లేకపోతే దారి తెరుచుకోదు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు.

యాంకర్: ఇప్పుడు అసలు వివాదానికి వద్దాం. డిఫెన్స్‌లో ఉన్న మనిషిని 2007లో రిసీవర్‌గా మార్చారు. అది తప్పా?

కోచ్: తప్పే.

అభిమాని: కాదు! నేను ఒప్పుకోను.

యాంకర్: ఒకరి తర్వాత ఒకరు. ముందు కోచ్ గారు.

కోచ్: రిసీవర్ బంతి వచ్చినా రాకపోయినా ప్రతిసారీ పూర్తి వేగంతో పరుగెత్తాలి. ఒక మ్యాచ్‌లో అలా ఎన్నిసార్లో! ఆ కాళ్లతోనే తర్వాత పంట్ పట్టుకోవడానికి వెళ్లాలి. 2008లో 51 క్యాచ్‌లు, 665 యార్డులు. 2009లో 57 క్యాచ్‌లు, 757 యార్డులు. సరే. ఆ రెండేళ్లలో రిటర్న్ టచ్‌డౌన్లు ఎన్ని? ఒక్కటీ లేదు. 2008లో కిక్‌ఆఫ్‌ల పని డేనియల్ మ్యానింగ్ చేతికి వెళ్లింది. ప్రపంచంలో ఒక్కడే చేయగల పని చేస్తున్న మనిషిని తీసుకొచ్చి, అరవైమంది చేయగల పనిలో పెట్టారు.

అభిమాని: అన్నయ్యా, 2010 సంగతి చెప్పరేం? ఆ ఏడాది కూడా అతను రిసీవరే. 40 క్యాచ్‌లు, నాలుగు టచ్‌డౌన్లు పట్టాడు. పైగా పంట్లు మూడు టచ్‌డౌన్ చేశాడు. 2011లో మళ్లీ మూడు రిటర్న్ టచ్‌డౌన్లు. కాళ్ల అలసటే కారణమైతే ఇవి ఎలా వచ్చాయి? ఇంకో మాట. ఆ ఆటలో జీతం రిసీవర్‌కి ఇస్తారు, రిటర్నర్‌కి కాదు. ఆ అవకాశం ఇస్తామంటే వద్దనమంటారా? తల్లి మంచాన పడటం, తండ్రి పోవడం చూసి పెరిగిన మనిషి. నేనైతే వద్దనమని చెప్పలేను.

కోచ్: అమ్మా, అతను ఒప్పుకోవడం తప్పని నేను అనలేదు. అడిగినవాళ్లది తప్పు అంటున్నాను.

విశ్లేషకుడు: నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తోంది, కానీ కారణం వేరనుకుంటున్నాను. రిసీవర్ పని ఖాళీలో పరుగెత్తడం కాదు. పన్నెండు యార్డుల దగ్గర సరిగ్గా మూడో లెక్కకి తిరగాలి. క్వార్టర్‌బ్యాక్ నీ ముఖం చూడకుండానే బంతి విసిరేస్తాడు. ఆ కాలం లెక్క చిన్నప్పటి నుంచి ఒంట పట్టాలి. హెస్టర్ పాతికేళ్ల వయసులో మొదలుపెట్టాడు. అందుకే నంబర్ వన్ రిసీవర్ కాలేదు. అయినా మొత్తం కెరీర్‌లో 255 క్యాచ్‌లు, 3,311 యార్డులు, 16 టచ్‌డౌన్లు. పాతికేళ్లకి కొత్త పని నేర్చుకున్నవాడికి ఇవి చిన్న అంకెలు కావు. 2008, 2009లో రిటర్న్‌లు తగ్గడానికి ఇంకో కారణం, లీగ్ అంతా భయపడిపోయింది. 2007 నవంబర్‌లో డెన్వర్ ధైర్యం చేసి తన్నింది. ఒకే మ్యాచ్‌లో పంట్ 75 యార్డులు, కిక్‌ఆఫ్ 88 యార్డులు, రెండూ టచ్‌డౌన్లే. ఓవర్‌టైమ్‌లో బేర్స్ 37-34తో గెలిచింది. దాని తర్వాత ఎవరు తంతారు చెప్పండి?

కోచ్: అది నిజమే. అది ఒప్పుకుంటాను.

అభిమాని: ఆ భయం గురించే నాకు బాగా ఇష్టమైన సంఘటన ఒకటుంది. 2011 సెప్టెంబర్, గ్రీన్ బేతో మ్యాచ్. నేను ఇంట్లో టీవీ ముందే ఉన్నాను, ఈసారి వంటింట్లోకి వెళ్లలేదు. పంట్ తన్నారు. హెస్టర్ ఒక వైపు ఆకాశంలోకి చూస్తూ చేతులు చాపి నిల్చున్నాడు. గ్రీన్ బేవాళ్లందరూ అతని మీదికి వెళ్లిపోయారు. కెమెరా కూడా! బంతేమో అవతలి వైపు జానీ నాక్స్ పట్టుకుని 89 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. రిఫరీ ఫ్లాగ్ వేసి రద్దు చేశాడు, హోల్డింగ్ అట, మనవాడొకడు అవతలివాణ్ణి పట్టి ఆపాడని. నాకు ఏడుపొచ్చింది. అయినా ఒక్క మనిషి బంతి లేకుండా ఆకాశం చూస్తే జట్టంతా అటు పరుగెత్తింది.

యాంకర్: 2011లో కిక్‌ఆఫ్‌ని ఐదు యార్డులు ముందుకి, 35 యార్డు గీతకి జరిపారు. అది ఇతని మీద ప్రభావం చూపిందా?

విశ్లేషకుడు: చూపింది. తలకు తగిలే దెబ్బలు తగ్గించాలని మార్చారు, ఆ ఉద్దేశం సరైనదే. కానీ బంతి ఎండ్ జోన్ దాటిపోవడం ఎక్కువైంది. 2012 ముగిశాక కోచ్ లవీ స్మిత్‌ని తీసేశారు. ఆ రోజు హెస్టర్ ఆట మానేస్తానేమో అన్నంతగా కుంగిపోయాడు. 2013లో రిసీవర్ పని పూర్తిగా తీసేసి రిటర్నర్‌గానే ఉంచారు. వాషింగ్టన్ మీద 81 యార్డుల పంట్ రిటర్న్. దాంతో డియాన్ శాండర్స్ రికార్డుతో, అంటే 19 టచ్‌డౌన్లతో సమానమయ్యాడు. డియాన్ అతనికి చిన్నప్పటి ఆరాధ్యుడు, తర్వాత గురువు.

అభిమాని: ఆ తర్వాత బేర్స్ వదిలేసింది. అట్లాంటాకి వెళ్లాడు. 2014 సెప్టెంబర్ 18, టాంపా బే మీద 62 యార్డుల పంట్ రిటర్న్, ఇరవయ్యోది. చివరి యార్డుల్లో డియాన్ లాగా మోకాళ్లు పైకెత్తి వెళ్లాడు. ఆ రోజు డియాన్ స్టేడియంలోనే ఉన్నాడు. టాంపా కోచ్ ఎవరనుకుంటున్నారు? లవీ స్మిత్. అతన్ని ఎంచుకుని, పెంచి, ఆ రోజు ఎదురు జట్టు పక్కన నిలబడి చూడాల్సి వచ్చింది.

కోచ్: ఇరవైలో పంట్లు 14, కిక్‌ఆఫ్‌లు 5, జెయింట్స్ మీదది 1. సూపర్ బౌల్‌ది ఈ లెక్కలో లేదు.

యాంకర్: ఇన్ని ఉన్నా హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎందుకు ఆలస్యం?

విశ్లేషకుడు: 2022లో అర్హత వచ్చింది. రెండుసార్లు ఫైనలిస్టుగా ఆగిపోయాడు, మూడోసారి ఎంపికయ్యాడు. మ్యాచ్‌లో నాలుగైదుసార్లు మాత్రమే మైదానంలోకి వచ్చేవాణ్ణి అందరితో సమానంగా చూడాలా అనేది ఓటర్ల సందేహం. కిక్కర్లని, పంటర్‌ని అంతకు ముందే తీసుకున్నారు. ముఖ్యంగా రిటర్నర్‌గానే పేరు తెచ్చుకుని లోపలికి వెళ్లిన మొదటివాడు ఇతనే.

కోచ్: నాకైతే ఆ రెండేళ్లు చాలా కోపం వచ్చింది. నాలుగుసార్లు వచ్చి మ్యాచ్ మార్చేసినవాడు గొప్పా, అరవైసార్లు వచ్చి మార్చలేనివాడు గొప్పా? ఎందుకు అడగాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

యాంకర్: సమయం దగ్గరపడింది. చివరి మ్యాచ్ గురించి ఒక్క మాట.

విశ్లేషకుడు: 2017 జనవరి 14, ప్లేఆఫ్. సియాటిల్ తరఫున, తన పాత మైదానం అట్లాంటాలోనే. వయసు 34. కిక్‌ఆఫ్ రిటర్న్‌లలో 194 యార్డులు తెచ్చాడు. ఒక పంట్‌ని దాదాపు 80 యార్డులు పరుగెత్తి అట్లాంటా గోల్ గీత దగ్గరికి తెచ్చాడు. సొంత జట్టువాడి హోల్డింగ్ తప్పుతో అది రద్దయింది. బంతి వెనక్కి, సియాటిల్ గోల్ గీత దగ్గరికి వెళ్లింది. వెంటనే సేఫ్టీ రూపంలో, అంటే సొంత ఎండ్ జోన్‌లోనే దొరికిపోయి, రెండు పాయింట్లు పోయాయి. మ్యాచ్ 36-20తో ఓడారు. ఆ ఏడాది డిసెంబర్‌లో రిటైర్ అయ్యాడు.

అభిమాని: 2024 ఆగస్టు 3న హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న క్యాంటన్‌లో, బంగారు రంగు కోటు వేసుకున్న అతని సమక్షంలో అతని విగ్రహం ఆవిష్కరించారు. దానికి రెండు రోజుల ముందు అదే ఊళ్లో హాల్ ఆఫ్ ఫేమ్ మ్యాచ్, బేర్స్‌కీ హ్యూస్టన్‌కీ. కొత్త కిక్‌ఆఫ్ నిబంధన మొదటిసారి వాడింది అందులోనే. ఇప్పుడు పది మంది దూరం నుంచి పరుగెత్తుకు రారు. బంతి నేలనో మనిషినో తాకేదాకా కదలకూడదు. రిటర్న్‌లు మళ్లీ పెరగాలని చేసిన మార్పు.

కోచ్: అతనికి ఆ నిబంధన ఉండి ఉంటే, పాతికేళ్ల వయసులో...

అభిమాని: తన్నేవాళ్లా అసలు?

కోచ్: ఏ నిబంధన పెట్టినా తన్నరమ్మా. ఆ సూపర్ బౌల్ రీప్లే ఉంటే ఒకసారి వేయించండి యాంకర్ గారూ.

యాంకర్: సిద్ధంగా ఉంది. మేడమ్, ఈసారి ఇక్కడే ఉండండి.

(వాన పడుతున్న మయామి మైదానం. 92 యార్డుల పరుగు. రీప్లేతో కార్యక్రమం ముగిసింది.)